కావాల్సిన ముక్క రానియ్యని ఆట

1984ల మాస్కోల అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్ చేసినప్పుడు, ఆయన దగ్గరున్న ఎలక్ట్రోనికా 60 కంప్యూటర్‌ల బొమ్మలే రాకపోయేది. బ్రాకెట్ గుర్తులనే ఇటుకలు చేసిండు. గదే ఆటను ఫెడెరికో పోలోని మళ్ల రాసిండు. పేరు బాస్టెట్. ఉత్త అక్షరాల తెర, అంటే టెర్మినల్ మీదనే నడుస్తది.

ఇండ్ల ముక్కలు లాటరీ లెక్క రావు. ఏడు తీర్ల ముక్కలల్ల ఏది ఏడ పెడితే మీకెంత లాభమో ముందే లెక్కేసి, పనికిరానిదే ఎక్కువసార్లు పంపుతది. పొడుగు కర్ర కోసం కండ్లు కాయలు కాస్తయ్!

కోపమొస్తది గానీ, గీ మోసం దాచిపెట్టింది కాదు. కోడ్ ఓపెన్ సోర్స్. లెక్క చదవొచ్చు, మార్చొచ్చు గూడ. పైసలు పెట్టి ఆడే యాప్‌లల్ల ముక్కలు ఎట్ల పంచుతున్నరో ఎన్నడన్న జూసిన్రా? లినక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. ఆడి ఓడినంక సోర్స్ ఫైల్ తెరిచి, ముక్కను ఎంచే కాడ చూడున్రి.