కౌతాళం పోరు

ఆదవాని నుండి వాయవ్యంగా పోతే కౌతాళం వస్తుంది. ఎమ్మిగనూరుకు అది పడమటి దిక్కు. నల్లరేగడి చేలు, నడుమ నడుమ రాతిగుట్టలు, ఉత్తరాన తుంగభద్ర. ఆ చేల మీదుగా నడిచిపోయే బాటసారికి, ఇచ్చట ఆరున్నర శతాబ్దాల క్రిందట రెండు రాజ్యాల సేనలు తలపడినవన్న తలపైనా రాదు.

ఆ కథకు మొదలు ఒక పాటకచ్చేరి. బహమనీ సుల్తాను మొదటి మహమ్మద్ షా గాయకుల పాటకు పరవశించి, వారి బహుమానాన్ని విజయనగర ప్రభువు బొక్కసం నుండి చెల్లించవలసినదని ఆజ్ఞాపత్రం పంపినాడట. అప్పటి రాయలు మొదటి బుక్కరాయలు. ఆయన పత్రం తెచ్చిన దూతను గాడిదపై ఊరేగించి వెళ్లగొట్టి, ముద్గల్లు కోటను పట్టుకొన్నాడు. అచ్చటి దండును విజయనగర సైనికులు వధించారు. వార్త విన్న సుల్తాను లక్షమందిని చంపేవరకు కత్తి ఒరలో పెట్టనని ప్రతిజ్ఞ చేశాడు. పాట ఒక నెపమే. అసలు కారణం కృష్ణా తుంగభద్రల నడిమి సారవంతమైన అంతర్వేది.

తుదకు సుల్తాను తుంగభద్రను దాటాడు. విజయనగర సేనాని పేరును ఫెరిష్తా హోజీ మల్ అని వ్రాశాడు. మల్లినాథుడన్న పేరే అట్లు మారినదని కొందరి ఊహ. పోరు జరిగిన చోటు కౌతాళమని చరిత్రకారులు గుర్తించారు. కాలం 1366 జూలై 23 అని సూయెల్ లెక్క. 1367 అని మరికొందరి మతం. వేకువ నుండి సాయంకాలం దాకా పోరు సాగింది. బహమనీ సేన కుడి ఎడమ పార్శ్వాల నాయకులిద్దరూ కూలారు. ఓటమి తప్పదనుకొన్న వేళ సుల్తాను 3,000 కొత్త గుర్రపుదళంతో వచ్చిపడ్డాడు. హోజీ మల్ ప్రాణాంతకంగా గాయపడగా విజయనగర సేన చెదరిపోయింది.

ఇచ్చట విద్యార్థి ఒక్క క్షణం ఆగవలెను. ఫెరిష్తా విజయనగర పక్షాన 40,000 గుర్రాలు, 5 లక్షల కాల్బలం అంటాడు. అంతమందికి ఈ మెట్టనేల ఏ తిండి పెట్టగలదు, ఏ బావి నీరు పోయగలదు? ఆయన బిజాపురంలో కూర్చుండి గ్రంథం రచించినది పోరు జరిగిన రెండు వందల ఏండ్లకు పైబడి. ఆయన చెప్పే ఫిరంగుల విషయంలోనూ పండితులకు సందేహాలున్నవి. అంకెలను తగ్గించి చదువవచ్చును. చచ్చినవారిని మాత్రం మరువరాదు. ఎందుకనగా పోరు ముగిసిన పిమ్మట సుల్తాను రాయలను వెంటాడుతూ, ఎదురుపడిన వారినెల్ల వయోభేదం లేక వధింపజేశాడని ఆయనే వ్రాశాడు. చచ్చినవారిలో కత్తి పట్టినవాడెవడు, నాగలి పట్టినవాడెవడు?

సంధి కుదిరినప్పుడు గాయకులకు సొమ్ము ముట్టింది. అంతకంటె విలువైనది విజయనగర రాయబారుల విన్నపం: రెండు రాజ్యాలూ ఎప్పటికీ ఇరుగుపొరుగులే గనుక, ఇకమీద యుద్ధం చేయని ప్రజలను చంపరాదన్న కట్టుబాటు ఉండవలెనని. సుల్తాను ఒప్పుకొన్నాడు.

ఆ మాటతో యుద్ధాలు ఆగలేదు. పదేండ్లు దాటీ దాటకముందే ఆయన కుమారుడు ముజాహిద్ షా దండెత్తి, రాయలను అడవుల వెంట, కొండల వెంట నెలల తరబడి తరిమాడు. ఆదవాని దుర్గాన్ని తొమ్మిది నెలలు ముట్టడించాడు. కోటలో నీరు అడుగంటి లొంగిపోవలసిన వేళ వాన కురిసింది. కోటలోని వారికి నీరు దక్కింది. వెలుపలి శిబిరంలో కరవు, రోగం పుట్టి దండు మరలిపోయింది.

వానకై ఎదురుచూడడం ఈ సీమవాసులకు నేటికీ తెలిసినదే. కౌతాళం పాఠం చెప్పునపుడు ఉపాధ్యాయుడు గెలుపోటముల తేదీలతో పాటు ఆ కట్టుబాటును కూడా చెప్పవలెను. అంత నెత్తురు పారిన తరువాత మనుష్యులకు తోచిన మంచిమాట అదొక్కటే.