అమ్మ మందుల కవర్లో గులాబీ రంగు మాత్ర

అమ్మానాన్నలో అత్తమామలో మన దగ్గరికి వచ్చినప్పుడు సూట్‌కేసులోంచి ఆవకాయ, కందిపొడితో పాటు ఒక పెద్ద జిప్ కవరు కూడా బయటికొస్తుంది. నెలల తరబడి సరిపడా మందులు. బీపీది, షుగర్‌ది, థైరాయిడ్‌ది మనం చూడగానే గుర్తుపడతాం. వాళ్లలో ఎవరికైనా గుండెకు స్టెంటు వేసి ఉంటే ఇంకో మాత్ర ఉంటుంది, చాలాసార్లు గులాబీ రంగులో. డిప్లాట్, క్లోపిలెట్, క్లోపిటాబ్ అంటూ కంపెనీని బట్టి స్ట్రిప్పు మీద పేరు మారుతుంది. ఏమిటని అడిగితే "రక్తం పలచబడ్డానికమ్మా" అంటారు. లోపలున్న మందు పేరు క్లోపిడోగ్రెల్. ఒకప్పుడు ప్రపంచ అమ్మకాల్లో దీనిది రెండో స్థానం. కొలెస్ట్రాల్ మందు లిపిటార్ ఒక్కటే దీనికన్నా ముందుండేది.

నిజానికి ఈ మాత్రతో రక్తమేమీ పలచబడదు. ప్లేట్‌లెట్లు అనగానే మనకు డెంగ్యూ, బొప్పాయి ఆకు రసం గుర్తొస్తాయి. అక్కడ బాధ వాటి సంఖ్య తగ్గడం. గుండె దగ్గర వచ్చే చిక్కు వాటి స్వభావంతో. కూర తరుగుతూ వేలు కోసుకుంటే పరుగున వచ్చి ఒకదానికొకటి అతుక్కుని రక్తం ఆపేవి ఇవే. గుండె రక్తనాళంలో కొవ్వు పూత చిట్లినా, కొత్తగా పెట్టిన స్టెంటు లోహం తగిలినా, పాపం వాటికి అదీ గాయమే. అక్కడా గడ్డ కట్టేస్తాయి. అవి అలా అతుక్కునే దారుల్లో ఒకదాన్ని ఆస్పిరిన్ మూస్తే, ఇంకోదాన్ని క్లోపిడోగ్రెల్ మూస్తుంది. ఒక ప్లేట్‌లెట్‌ను పట్టుకుందంటే అది బతికే ఆ వారం పది రోజులూ వదలదు. అందుకే ఆపరేషన్లకు కొన్ని రోజుల ముందే దీన్ని ఆపమంటారు. అందుకే, స్టెంటు వేసిన తొలి నెలల్లో ఎవరికి వారు ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ రెండింటిలో ఆస్పిరిన్ పాతది, ఎవరి సొత్తూ కాదు. కాలిఫోర్నియాలో లారెన్స్ క్రేవెన్ అనే మామూలు డాక్టరు, టాన్సిల్స్ తీయించుకుని ఆస్పిరిన్ చూయింగ్ గమ్ నమిలిన వాళ్లకు రక్తం ఎక్కువ పోవడం గమనించి, 1950ల నాటికే దీన్ని గుండెపోటు రాకుండా వాడొచ్చని రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పదిహేడు వేల మంది మీద జరిగిన ఐసిస్-2 పరీక్ష ఫలితాలు 1988లో వెలువడితే గాని సంగతి తేలలేదు. గుండెపోటు వచ్చిన వాళ్లకు వెంటనే ఆస్పిరిన్ మొదలుపెడితే, ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయేవారు 23 శాతం తగ్గారు. ఫలితాలను రకరకాల గుంపులుగా విడగొట్టి చూపించమని పత్రిక వాళ్లు పట్టుబడితే, ఆ శాస్త్రవేత్తలు రాశుల వారీగా కూడా లెక్కేసి ఇచ్చారు. మిథున, తులా రాశుల వారికి ఆస్పిరిన్ పనిచేయలేదని వచ్చింది! ఇష్టం వచ్చినట్టు ముక్కలు చేస్తే లెక్కలు ఎలా తప్పుదారి పట్టిస్తాయో చెప్పడానికే ఆ వేళాకోళం. మా ఇంట్లో ఒక తులారాశి పెద్దాయనకు ఇది చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.

క్లోపిడోగ్రెల్ కథ వేరు. ఫ్రాన్సులో సనోఫీ కంపెనీ ముందుగా టిక్లోపిడిన్ తెచ్చింది. అది కొందరిలో తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించేసేది. దాని చెల్లెలులాంటి క్లోపిడోగ్రెల్‌కు ఆ బెడద చాలా తక్కువ. 1997లో అమెరికాలో అనుమతి వచ్చాక బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్‌తో కలిసి ప్లావిక్స్ పేరుతో అమ్మారు. పేటెంట్ ఉన్నన్నాళ్లూ అమెరికాలో నెల మందుకు దాదాపు 200 డాలర్లు. 2006 ఆగస్టులో కెనడా కంపెనీ అపోటెక్స్, కేసు తేలకముందే తన చౌక రకాన్ని మార్కెట్లోకి వదిలింది. కోర్టు మూడు వారాల్లో ఆపింది గాని, ఆ లోపే నెలలకు సరిపడా సరుకు దుకాణాలకు చేరిపోయింది. ఆ గొడవలో బ్రిస్టల్ మయర్స్ అధిపతి పదవి పోయింది. చివరికి అపోటెక్స్ 44 కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం కట్టింది.

2012 మే 17న పేటెంట్ తీరింది. అదే రోజు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒకేసారి చాలా కంపెనీలకు జెనరిక్ అనుమతులిచ్చింది. అందులో మన హైదరాబాద్ కంపెనీలు రెండు, డాక్టర్ రెడ్డీస్, అరబిందో. 2011లో బ్రిస్టల్ మయర్స్‌కు ప్లావిక్స్ మీద దాదాపు 700 కోట్ల డాలర్ల అమ్మకాలుంటే, 2013లో 26 కోట్లు కూడా లేవు. మీ ఫార్మసీ వాళ్లు ఇచ్చే సీసా లేబుల్ మీద తయారీదారు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒకసారి చూడండి. తెనాలి నుంచి అమ్మ తెచ్చుకున్న మాత్రా, న్యూజెర్సీలో మనం కొన్న మాత్రా హైదరాబాద్ కంపెనీలవే కావచ్చు.

ఇండియాలో ఈ మాత్ర అంతకు చాలా ముందే చౌక. 1970 పేటెంట్ చట్టం ప్రకారం మందుకు కాకుండా, తయారీ పద్ధతికి మాత్రమే పేటెంట్ దొరికేది. ఇంకో పద్ధతిలో అదే మందు చేస్తే తప్పు లేదు. 2005లో ఆ చట్టం మారేదాకా ఉన్న ఆ వెసులుబాటులోనే, బాలానగర్ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న వాళ్ల చేతుల మీదుగా హైదరాబాద్ మందుల పరిశ్రమ ఎదిగింది. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు కూడా అక్కడ పనిచేసినవారే. అయితే ఈ చౌక మందుల వెనక ఇంకో లెక్క కూడా ఉంది. మాత్రకు ఆకారం ఇచ్చే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అనే పొడి ప్లావిక్స్‌తో సహా ఎన్నో మాత్రల్లో ఉంటుంది. ఆ పొడి తయారుచేసే పాశమైలారం ఫ్యాక్టరీలో 2025 జూన్ 30న జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బీహార్, ఒడిశాల లాంటి చోట్ల నుంచి పనికోసం వచ్చినవాళ్లు.

ధర సంగతి ఇలా ఉంటే, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే విషయం. క్లోపిడోగ్రెల్ మింగినప్పుడు మందు కాదు. లివర్‌లో సీవైపీ2సీ19 అనే ఎంజైము దాన్ని మార్చాకే మందవుతుంది. కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైము మందకొడిగా ఉంటుంది. వాళ్లు మాత్ర వేసుకుంటారు, బిల్లు కడతారు, ప్లేట్‌లెట్లు మాత్రం తమ పని తాము చేసుకుపోతాయి. పైకి ఏ తేడా కనబడదు. మొదట్లో ఈ మందును పరీక్షించిన పెద్ద ట్రయల్స్‌లో అత్యధికులు తెల్లవాళ్లు, మగవాళ్లు. ఎంజైము అస్సలు పనిచేయని వాళ్లు తెల్లవాళ్లలో నూటికి ఇద్దరే గనుక అది పెద్ద సమస్యగా కనిపించలేదు. చైనా వాళ్లలో వీళ్లు నూటికి పద్నాలుగు మంది. మన సంగతి? పుదుచ్చేరి జిప్మర్ పరిశోధకులు ఆంధ్రతో సహా దక్షిణాది రాష్ట్రాల వాళ్లలో ఈ జన్యు తేడాలు బాగా ఎక్కువని 2005లోనే ప్రచురించారు. ఈ మధ్య బ్రిటన్‌లో పాకిస్తానీ, బంగ్లాదేశీ మూలాలున్న 44 వేల మందిని చూస్తే, 57 శాతం మందిలో ఆ ఎంజైము ఎంతో కొంత మందగించే ఉంది.

అమెరికాలో ఎఫ్‌డీఏ దీని మీద నల్ల గీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది 2010లో, అంటే మందు వచ్చిన పన్నెండేళ్లకు. ఆసియా, పసిఫిక్ దీవుల జనం ఎక్కువగా ఉండే హవాయి రాష్ట్రం ఊరుకోలేదు. అమ్మకాలు తగ్గుతాయని ఈ సంగతి పరిశోధించకుండా, చెప్పకుండా దాచారని 2014లో రెండు కంపెనీల మీదా కేసు వేసింది. కంపెనీలు కాదన్నాయి. పై కోర్టుకు వెళ్లి తిరిగొచ్చాక 2024లో 91 కోట్ల డాలర్లకు పైగా జరిమానా పడింది. అదే ఏడాది బ్రిటన్‌లో నైస్ సంస్థ, పక్షవాతం వచ్చిన వాళ్లకు క్లోపిడోగ్రెల్ ఇచ్చేముందు ఈ జన్యు పరీక్ష చేయాలని సిఫారసు చేసింది. పేటెంట్ తీరాక ఒక్కో మాత్ర మీద పైసల లాభం మిగిలే మందు మీద కొత్త పరిశోధనకు ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? పేటెంట్ ఉన్నప్పుడు భయం, పోయాక నిర్లిప్తత. మధ్యలో మన వాళ్లు.

దీనికి మన ఇళ్లలో ఇంకో మెలిక ఉంది. పెద్దవాళ్లకు ప్రయాణం బడలిక, వేళ తప్పిన తిండి, ఆపైన "గ్యాస్". మనం షాపుకెళ్లి చీటీ లేకుండా దొరికే ఒమెప్రజోల్ పట్టుకొస్తాం. అది ఆ ఎంజైమునే అడ్డుకుంటుంది. అసలే మందకొడిగా ఉన్నదానికి ఇది తోడు. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ దీనితో వద్దని లేబుల్ మీదే ఉంటుంది. ఇండియాలో డాక్టర్లు ఎక్కువగా రాసే పాంటోప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ. మోకాళ్ల నొప్పికి మనమిచ్చే ఐబుప్రొఫెన్‌తో కడుపులో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది, అదీ అడక్కుండా ఇవ్వకూడదు.

మాత్రలు అయిపోతే వచ్చే తిప్పలు సరేసరి. ఇండియాలో క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మందు మూడూ కలిపిన గొట్టం మాత్రలు మామూలే. అమెరికా ఫార్మసీలో అలాంటిది దొరకదు, మూడూ విడివిడిగా రాయించుకోవాలి. స్ట్రిప్పు మీది పెద్ద అక్షరాల పేరు ఇక్కడి డాక్టరుకు అర్థం కాదు. దాని కిందున్న చిన్న అక్షరాల పేర్లు, మిల్లీగ్రాములు, స్టెంటు వేసిన తేదీ, ఎన్నాళ్లు వాడమన్నారో ఒక కాగితం మీద రాసి వాళ్ల పాస్‌పోర్టుతో పాటు పెట్టండి.

క్లోపిడోగ్రెల్ సరిగా పనిచేయని వాళ్లకు దారి లేకపోలేదు. టికాగ్రెలర్‌కు ఆ ఎంజైముతో పని లేదు. రోజుకు రెండుసార్లు వేసుకోవాలి, కొందరికి ఆయాసంలా అనిపిస్తుంది, దానితో పాటు ఆస్పిరిన్ రోజుకు వంద మిల్లీగ్రాములు దాటకూడదు. ప్రసుగ్రెల్ అని ఇంకొకటుంది, ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్లకు అది కూడదు. రెండింటితోనూ రక్తస్రావం భయం క్లోపిడోగ్రెల్ కన్నా ఎక్కువ, కాబట్టి మార్పు డాక్టరు చెప్పాల్సిందే. టికాగ్రెలర్ పేటెంట్ ఇండియాలో 2019లో తీరి ధర దిగింది. అమెరికాలో జెనరిక్ రావడానికి 2025 దాకా పట్టింది. ఇప్పుడు రెండు చోట్లా ధర అడ్డు తగ్గింది గనుక, పెద్దవాళ్ల కార్డియాలజిస్టుతో తర్వాతి వీడియో కాల్‌లో "మా నాన్నకు సీవైపీ2సీ19 పరీక్ష అవసరమా?" అని అడగడానికి ఇది మంచి సమయం.