లేని కొండ మీద ఆగని బంతి

పిల్లలూ! ఇసుకలో కొండలు కట్టి, పక్కన కాలువ తవ్వి, చెంబుతో నీళ్ళు పోసి ఆడుకోనివారు మనలో ఎవరుంటారు? పోసిన నీళ్ళు మీరు అనుకొన్న వైపుకు కాకుండా మరో వైపుకు పోయినప్పుడు మీరేం చేసేవారు? నీళ్ళను కోప్పడి లాభం లేదు. కాలువనే సరిచేసి ఉంటారు. ఈ వేసవి సెలవుల్లో నేను, పదో తరగతి పరీక్షలు రాసి వచ్చిన మా మేనల్లుడు ఇలాంటి ఆటే ఆడాం. కాకపోతే మా కొండ ఇసుకది కాదు, కంప్యూటరులోది. ఆ కొండ ఒడిలో ఒక విడిది, దాని ముందర ఒక గోల్ఫ్ మైదానం!

గోల్ఫ్ కర్రను నేనెన్నడూ పట్టి ఎరుగను. ఆట సంగతి అల్లుడే చెప్పాడు. 'టీ' అనే చోటు నుంచి చిన్న బంతిని కర్రతో కొట్టుకొంటూ పోయి, దూరంగా 'గ్రీన్' అనే నున్నటి పచ్చిక మీద ఉన్న గుంటలో వేయాలి. బంతి బరువు 46 గ్రాములకు మించదు. గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు. పూర్తి మైదానంలో ఇలాంటి గుంటలు 18 ఉంటాయి. ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వారు గెలిచినట్టు.

ఈ ఆటను కంప్యూటరు తెర మీద ఆడటమే కాదు, మైదానాన్ని కూడా ఆడేవారే తయారు చేసుకోవచ్చు. 1990లో వచ్చిన 'జాక్ నిక్లాస్ అన్‌లిమిటెడ్ గోల్ఫ్ అండ్ కోర్స్ డిజైన్', 2014లో వచ్చిన 'ద గోల్ఫ్ క్లబ్' అనే ఆటలలో ఈ సదుపాయం ఉన్నది.

మా కొండకు ఎక్కడ చోటు చూడాలి? కెనడాలోని రాకీ పర్వతాలలో, సముద్రమట్టానికి సుమారు 1,400 మీటర్ల ఎత్తున, బాంఫ్ అనే విడిది ఊరు ఉన్నది. అక్కడి పేరుపొందిన గోల్ఫ్ మైదానాన్ని 1920లలో స్టాన్లీ థాంప్సన్ అనే నిపుణుడు రూపొందించాడు. అందులో ఒకచోట గట్టు మీద నుంచి కింద ఉన్న చిన్న సరస్సు మీదుగా బంతిని కొట్టాలి. అది చూసి ముచ్చటపడి, అదే పర్వతాలలో ఎక్కడా లేని ఒక లోయను మేము ఊహించుకొన్నాం.

కొండ అంటే అంకెలే!

కంప్యూటరుకు కొండ తెలియదు, బండ తెలియదు. దానికి తెలిసినవి అంకెలు. 2 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పు ఉన్న లోయను మీటరుకు ఒక గడి చొప్పున గళ్ళుగా విభజిస్తే 40 లక్షల గళ్ళు వస్తాయి. ఒక్కో గడిలో అక్కడి నేల ఎత్తు ఎంతో రాయాలి. అంతే, కొండ తయారు!

మొదట మేము ఒక్కో ఎత్తును 8 బిట్లలో దాచాం. బిట్టు అంటే 0 లేదా 1. ఎనిమిది బిట్లతో రాయగల అంకెలు 256 మాత్రమే. లోయ అడుగు నుంచి శిఖరం దాకా మేము ఇచ్చిన ఎత్తు 1,020 మీటర్లు. అంటే అంకెకూ అంకెకూ మధ్య 4 మీటర్ల తేడా! తెర మీద చూస్తే కొండ వాలు కాస్తా రాక్షసుల మెట్లలా తయారయింది. ఒక్కో మెట్టు రెండు నిలువుల ఎత్తు. ఆ తరువాత 16 బిట్లు వాడాం. ఇప్పుడు 65,536 అంకెలు దొరికాయి. మెట్టు ఎత్తు 16 మిల్లీమీటర్లకు లోపే. కొండ నునుపు తేలింది.

నీరు ఎక్కుతుందా?

రాకీ పర్వతాలలోని పెద్ద లోయలు చాలావరకు హిమానీనదాలు చెక్కినవి. కొండ మధ్య నుంచి ఏరు మాత్రమే పారితే లోయ అడుగున ఇరుకుగా, గరాటులా ఉంటుంది. హిమానీనదం తొలిస్తే అడుగు విశాలంగా, పక్కలు నిట్రంగా, నీళ్ళ తొట్టిలా తయారవుతుంది. మేము తొట్టి ఆకారాన్నే ఎంచుకొన్నాం. సుమారు 2,300 మీటర్ల ఎత్తు దాటితే ఆ ప్రాంతంలో చెట్లు పెరగవు కనుక, ఆ పైన బండలే ఉంచాం. మంచుగడ్డలు రాతిని నూరగా వచ్చిన మెత్తని పిండి నీటిలో తేలుతూ వెలుగును చెదరగొట్టడం వల్ల అక్కడి సరస్సులు నీలాకుపచ్చగా మెరుస్తాయి. మా సరస్సుకూ ఆ రంగే వేశాం.

అంతా అయిందని మురిసిపోతుండగా, ఏడో తరగతి చదివే మా మేనకోడలు వచ్చి చూసింది.

"మావయ్యా! ఈ ఏరు గట్టు ఎక్కుతున్నదేమిటి?"

నిజమే! అందంగా ఉంటుందని వంపు తిప్పిన చోట, మా ఏరు 3 మీటర్లు పైకి ఎక్కి మళ్ళీ దిగుతున్నది. నలభై లక్షల అంకెలను నింపిన మాకు కనపడని తప్పు ఆ పిల్లకు ఇట్టే దొరికింది. ఏటిని పల్లానికి దించి మళ్ళీ గీశాం.

బంతి ఎందుకు దాటిపోయింది?

మూడో గుంటకు టీని ఒక గట్టు మీద, గ్రీన్‌ను సరస్సుకు అవతల, టీ కంటే 30 మీటర్లు దిగువన పెట్టాం. రెండింటికీ మధ్య అడ్డదూరం 150 మీటర్లు. అల్లుడు సమతల నేల మీద 150 మీటర్లు పోయే కర్రను ఎంచుకొని కొట్టాడు. బంతి గ్రీన్ మీదుగా ఎగిరి, వెనుక బండల్లో పడింది.

తొమ్మిదో తరగతి పాఠం గుర్తు చేసుకోండి. గాలిలో ఉన్నంతసేపూ బంతి కిందికి పడుతూనే ముందుకూ పోతుంది. సుమారు 45 డిగ్రీల కోణంలో దిగే బంతికి నేల ఒక మీటరు దిగువన ఉంటే, అది దాదాపు మరో మీటరు ముందుకు పోయి పడుతుంది. దిగేకొద్దీ దారి నిటారవుతుంది కనుక కొంచెం తక్కువే అనుకొందాం. 30 మీటర్ల పల్లానికి 25 మీటర్లు అదనం. పైగా 1,400 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గరికంటే సుమారు ఎనిమిదో వంతు తక్కువ. గాలి నిరోధం తగ్గి బంతి ఇంకా ముందుకు పోతుంది. ఈసారి 120 మీటర్ల కర్రతో కొడితే బంతి చక్కగా గ్రీన్ మీద పడింది.

పడింది గాని ఆగలేదు! మెల్లగా దొర్లి, దొర్లి, సరస్సులో మునిగింది. పదిసార్లు కొట్టాం. పదిసార్లూ అంతే.

తప్పు ఎక్కడ?

"పచ్చిక గరుకుతనం పెంచేద్దాం మావయ్యా! ఒక్క అంకె మారిస్తే పోలా?" అన్నాడు అల్లుడు. సరేనన్నాను. బంతి ఆగింది. కాని అంతకుముందు కట్టిన రెండు గ్రీన్లకూ అదే అంక్య వర్తిస్తుంది. అక్కడ బంతి బురదలో పడ్డట్టు కదలటం మానేసింది. ఒక తప్పును దాచబోయి రెండు తప్పులు చేశామన్నమాట. నాకు సిగ్గు వేసింది. ముప్పై ఏళ్ళుగా ఘర్షణ పాఠం చెబుతున్నవాణ్ణి కదా! అంకెను వెనక్కు మార్చి, కాగితం, పెన్సిలు తీసుకొన్నాం.

గ్రీన్ ఎంత నున్నగా ఉన్నదో కొలిచే పనిముట్టు ఒకటి ఉన్నది. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెరికన్‌కు వచ్చిన ఆలోచన అది. గాడి ఉన్న ఒక బద్ద మీద నుంచి బంతిని జారవిడిస్తే, సెకనుకు సుమారు 1.83 మీటర్ల వేగంతో అది పచ్చిక మీదకు వస్తుంది. ఎంత దూరం దొర్లి ఆగిందో కొలవాలి. మా గ్రీన్ నునుపును 3.05 మీటర్లు దొర్లేటట్టు పెట్టాం. వేగం వర్గాన్ని దూరానికి రెట్టింపుతో భాగిస్తే ఋణత్వరణం వస్తుంది. చేసి చూడండి: 0.55 మీ/సె².

ఇక వాలు. దొర్లే బంతికి గురుత్వాకర్షణ ఇచ్చేదంతా ముందుకు పోవటానికే దక్కదు. కొంత గిర్రున తిరగటానికి ఖర్చవుతుంది. నిండు గోళానికి ఏడింట ఐదు పాళ్ళే ముందుకు దక్కుతాయి. 9.8లో ఏడింట ఐదు పాళ్ళు 7. అంటే 100కు 1 వాలు ఉంటే త్వరణం 0.07 మీ/సె². పచ్చిక ఆపగలిగేది 0.55. కాబట్టి 100కు సుమారు 8 వాలు దాటితే, కిందికి దొర్లే బంతి ఆ గ్రీన్ మీద ఆగనే ఆగదు.

మా గ్రీన్ వాలు ఎంత? 18 మీటర్ల పొడవులో 1.8 మీటర్ల పల్లం. 100కు 10! ఇంకెలా ఆగుతుంది?

పై అంచును 1.35 మీటర్లు కోసి, వాలును 100కు 2.5కు తెచ్చాం. బంతి పడింది, నాలుగడుగులు దొర్లింది, ఆగింది. అల్లుడు ఎగిరి గంతేశాడు.

నలభై లారీల మన్ను

అప్పుడు వాణ్ణి ఒక ప్రశ్న అడిగాను. "కోసిన మన్ను ఎక్కడ పోశావురా?"

వాడు తెల్లబోయాడు. లెక్క వేశాం. 18 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, సగటు లోతు 0.675 మీటర్లు. మొత్తం 243 ఘనపు మీటర్లు. లారీకి 6 ఘనపు మీటర్లు పట్టినా, 40 లారీల మన్ను! మేము వేలు కదిపినంతలో మాయం చేశాం. నిజమైన కొండ మీద ఇదే పొరపాటు చేస్తే ఆ మన్ను ఏదో ఒక ఏటినో, చెట్ల మొదళ్ళనో పూడుస్తుంది. పొరపాట్లను ముందు కంప్యూటరులో చేసి దిద్దుకొంటే ఎంత మేలో చూడండి. కాని కంప్యూటరులో కొండ ఎత్తు మన ఇష్టమేగాని, బంతి దొర్లే తీరు మన ఇష్టం కాదు. అక్కడ ప్రకృతి నియమాన్ని మార్చి తప్పు కప్పుకొన్నవాడు నేర్చుకొనేది సున్న.

మీరూ చేయండి

మీటరు పొడవు బల్లచెక్క మీద తువాలును బిగుతుగా పరవండి. పుస్తకం అట్టను చిన్న జారుడుగా పెట్టి, ఎప్పుడూ ఒకే ఎత్తు నుంచి గోళీని వదలండి. సమంగా ఉన్నప్పుడు గోళీ ఎంత దూరంలో ఆగిందో రాసుకోండి. ఆ తరువాత జారుడు ఉన్న వైపున చెక్క కింద నోటుపుస్తకాలు పెడుతూ ఒక్కో సెంటీమీటరు ఎత్తండి. ఎన్నో సెంటీమీటరు దగ్గర గోళీ ఆగకుండా చివరిదాకా పోతుంది? ఆ చెక్క పొడవులో, ఆ వేగంతో వచ్చే గోళీని మీ తువాలు ఆపగల గరిష్ఠ వాలు దాదాపు అదే. తువాలు తీసి దుప్పటి పరిచి మళ్ళీ చూడండి. రెండు జవాబులూ ఒకటేనా?