శరత్తు, ఖిజాఁ, ఒక మలీద ముద్ద

మన కళాశాలలో రెండు భాషలు ఒకే కప్పు క్రింద వినిపిస్తాయి. ఒక గదిలో ఉర్దూ గజల్ నడుస్తుండగా ప్రక్క గదిలో తెలుగు పద్యం సాగుతూ ఉంటుంది. ఈ రెండు సాహిత్యాలూ ఒకే ఋతువును గూర్చి ఎంతో భిన్నంగా మాట్లాడుతున్నవని విద్యార్థులు గమనించే ఉంటారు. ఉర్దూ కవిత్వంలో ‘ఖిజాఁ’ ఆకులు రాలే కాలం. వియోగానికీ, క్షీణతకూ, పాడుబడిన తోటకూ అది గుర్తు. తెలుగు కవిత్వంలో ‘శరత్తు’ నిండు వెన్నెల కాలం. తేరిన చెరువు నీటికీ, తెల్లని మబ్బుకూ, పూచిన రెల్లుకూ అది గుర్తు. నన్నయభట్టు ఆంధ్ర మహాభారత రచన అరణ్యపర్వంలో శరత్కాల రాత్రుల వర్ణన వద్దనే ఆగిపోయినదని మన సాహిత్య సంప్రదాయం చెబుతున్నది.

ఈ భేదం నేలను బట్టి ఏర్పడినది. ఖిజాఁ అనే మాట పారశీకం నుండి ఉర్దూలోకి వచ్చినది. ఆ మాట పుట్టిన చలి దేశాలలో శీతకాలానికి ముందే చెట్లు మోడువారుతాయి. మన దక్కనులో ఆకు రాలే కాలం శిశిరం. ఆశ్వయుజ, కార్తీక మాసాలలో మన చెట్లు వానలు త్రాగి పచ్చగా నిలబడి ఉంటాయి. కనుక మన ఉర్దూ విద్యార్థి ఖిజాఁను పుస్తకంలో చదువుతాడు, శరత్తును ఇంటి వాకిట చూస్తాడు. ఆ వాకిటి శరత్తును గూర్చి, అప్పటి ఇంటి తిండిని గూర్చి, దానిని నలుగురూ పంచుకొనే పద్ధతిని గూర్చి ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

ముందుగా ఆకాశం సంగతి. నైరృతి ఋతుపవనాలు సెప్టెంబరు రెండవ పక్షంలో రాజస్థాన్ వైపు నుండి వెనుదిరుగుతాయి. అక్టోబరు నడిమికి సాధారణంగా తెలంగాణను విడిచిపోతాయి. నాలుగు నెలల వానకు గాలిలోని దుమ్ము కడుగుకొని పోయి ఉంటుంది కనుక ఆకాశం నిర్మలంగా కనబడుతుంది. సెప్టెంబరు 23 ప్రాంతంలో పగలు, రాత్రి సమానమై, ఆ పిమ్మట రాత్రి పెరుగుతూ వస్తుంది. మబ్బు లేని రాత్రి నేలలోని వేడిమి త్వరగా పైకి పోతుంది. అందుచేతనే తెల్లవారేసరికి గడ్డిపై మంచు నిలుస్తుంది. పగలు ఎండ కాసినా, సాయంకాలం అరుగు మీద కూర్చుంటే హాయిగా ఉంటుంది. ఇరుగుపొరుగు కలిసి కూర్చుని మాట్లాడుకొనడానికి ఇంతకంటె అనువైన కాలం లేదు.

అయితే శరత్తు అందరికీ ఒకే విధంగా రాదు. కోస్తా ప్రజలకు ఇది తుపానుల కాలం కూడా. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది మంది ప్రాణాలు కోల్పోయినారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణాన్ని అతలాకుతలం చేసినది. ఈ సత్యాన్ని మరచి శరత్తును కేవలం వెన్నెలగా వర్ణించడం న్యాయం కాదు. చేతికి వచ్చిన పంట ఇల్లు చేరినప్పుడు కలిగే సంతోషం విలువ, చేరని ఏడు తెలిసినవారికే బాగా తెలుస్తుంది.

ఇక తిండి. శరత్తు రుచులలో చాలవరకు డబ్బుతో పని లేనివి. పాలమూరు గుట్టల మీద సీతాఫలం చెట్టుకు ఎవరూ నీళ్ళు పోయరు. దాని ఆకును మేకలు కూడా ముట్టవు. అందుకే రాతినేలలో కూడా అది బ్రతుకుతుంది. కాయ మీది కళ్ళు విచ్చుకొని, వాటి నడుమ గాడులు తెల్లబడినప్పుడు కోసి, గడ్డిలోనో బియ్యపు కుండలోనో దాచిపెడితే రెండు మూడు దినాలలో మెత్తబడుతుంది. రోజూ చేయి పెట్టి నొక్కి చూడటం పిల్లల పని. వద్దని కసరటం నానీ పని. ఉర్దూలో దీనిని ‘శరీఫా’ అంటారు. తెలుగువారు సీత పేరు పెట్టుకొన్న ఈ ఫలం నిజానికి అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుండి వచ్చినది. రాయలసీమలో ఈ కాలంలోనే పెరికి తెచ్చే వేరుశనగ కూడా దక్షిణ అమెరికా నుండి వచ్చినదే. పచ్చి కాయలను ఉప్పు వేసి ఉడకబెట్టి, చాట చుట్టూ కూర్చుని ఒలుచుకొని తింటుంటే అవి పరాయివని ఎవరికి తోచును? కలిసి తినగా తినగా దూరపు పంట కూడా ఇంటి పంట అవుతుంది.

తెలంగాణలో శరత్తుకు ముఖద్వారం బతుకమ్మ. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుండి సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది దినాలు స్త్రీలు పూలను పేర్చి, చుట్టూ తిరిగి పాడతారు. తంగేడు, గునుగు చేల గట్లపైన, బీళ్ళలో దొరికే పూలు. 2014లో ఇది రాష్ట్ర పండుగ అయినది. చివరి దినాన బతుకమ్మను చెరువులో సాగనంపి, గట్టు మీద కూర్చుని సద్దులు పంచుకొంటారు. సద్ది అనగా మూట కట్టి తీసుకొని పోయే అన్నం. చింతపండు పులుపు, నిమ్మరసం, నువ్వుల పొడి, పెరుగు - ఒక్కొక్క దానితో ఒక్కొక్క సద్ది. పులుపు పట్టిన అన్నం త్వరగా చెడదు. ఇంటికి దూరంగా, పొయ్యి లేని చోట పదిమంది తినవలసినప్పుడు ఏ తిండి నిలుస్తుందో ఎరిగిన ఇల్లాళ్ళు ఏర్పరచిన పద్ధతి ఇది.

ఆ సద్దుల ప్రక్కనే మలీద ముద్దలు ఉంటాయి. మేము ప్రత్యేకంగా చెప్పదలచినది దీనిని గూర్చియే. ‘మలీద’ పారశీక పదం. ‘మాలీదన్’ అనగా నలుపుట, రుద్దుట. నలిపి చేసినది మలీద. జొన్న, సజ్జ లేక గోధుమ రొట్టెను వేడిగా ఉన్నప్పుడే చేతితో పొడిపొడిగా నలిపి, తురిమిన బెల్లం కలిపి, మరల నలిపి ముద్దలు కడతారు. వేడికి బెల్లం మెత్తబడి పొడిని పట్టుకొంటుంది. అందుచేతనే చల్లారిన రొట్టెతో ముద్ద సరిగా నిలువదు. కలిగినవారు నెయ్యి, యాలకులు, ఎండుకొబ్బరి వేస్తారు. లేనివారికి రొట్టె, బెల్లమే చాలును. చెరువు గట్టున బతుకమ్మ వద్ద ఈ ముద్దనే పంచుతారు. ముస్లిం ఇండ్లలో ఫాతిహా నాడు ఈ ముద్దనే పంచుతారు. పల్లెలలో పీర్ల పండుగకు హిందువులు కూడా మలీద చేసి తీసుకొని వస్తారు. పీర్ల ఆచారాలను గూర్చి ముస్లింలలోనే అభిప్రాయభేదాలు ఉన్నవి. ఆ చర్చ ఇక్కడ మా ఉద్దేశం కాదు. ఒక పారశీక పదం బతుకమ్మ తాంబాలం వరకు నడిచి వచ్చి, అక్కడ తెలుగు మాటగా స్థిరపడినదనే విషయం మాత్రం భాషా విద్యార్థులు గుర్తింపదగినది.

ఈ రెండు ముద్దలు ఒకే వారంలో కలిసిన సంవత్సరాలు కూడా ఉన్నవి. దీనికి కారణం పంచాంగాలలో ఉన్నది. హిజ్రీ సంవత్సరం పన్నెండు చాంద్రమాసాలది. 354 లేక 355 దినాలు. సూర్యుని లెక్క కంటె ఇది సుమారు 11 దినాలు తక్కువ కనుక, ఈదులు ఏటేటా ముందుకు జరిగి, సుమారు 33 ఏండ్లలో ఋతువులన్నిటినీ చుట్టి వస్తాయి. తెలుగు నెలలు కూడా చాంద్రమాసాలే. అయితే సుమారు 32, 33 నెలలకొకసారి అధికమాసం చేర్చి లెక్క సరిచేస్తారు. అందుచేత దసరా ఎల్లప్పుడూ శరత్తులోనే ఉంటుంది. తెలుగు నెల అమావాస్య మరునాడు మొదలవుతుంది. హిజ్రీ నెల నెలవంక కనబడినప్పుడు మొదలవుతుంది. ముహర్రం మాసం ఆశ్వయుజంతో జత కూడినప్పుడు, ఆషూరా అయిన పదవ దినమూ, విజయదశమియు ఒకటి రెండు దినాల తేడాతో వచ్చి తీరుతాయి. 2015లో అక్టోబరు 22, 24 తేదీలలోను, 2016లో అక్టోబరు 11, 12 తేదీలలోను, 2017లో సెప్టెంబరు 30, అక్టోబరు 1 తేదీలలోను ఇదే జరిగినది. 2018లో అధిక జ్యేష్ఠం రాగా ఆ జత విడిపోయినది. ఇదే విధంగా 2004, 2005, 2006 సంవత్సరాలలో దీపావళి వెళ్ళిన మూడు నాలుగు దినాలకే ఈదుల్ ఫితర్ వచ్చినది. అమావాస్య నాటి దీపాలు ఆరిన వెంటనే షవ్వాల్ నెలవంక కోసం జనం మిద్దెలు ఎక్కినారన్నమాట.

మిగిలిన సంవత్సరాలలో ముస్లిం ఇంటికి శరత్తులో స్వంత పండుగ ఉండకపోవచ్చు. అయినను ఋతువు ఆ ఇంటిని దాటి వెళ్ళదు. ప్రక్కింటి నుండి మూత పెట్టిన గిన్నెతో ఒక పాప వస్తుంది. “ఖాలా, అమ్మ పంపింది” అంటుంది. ఆ గిన్నెను వట్టిగా తిరిగి పంపడం మర్యాద కాదు. ఏమీ లేకపోతే నాలుగు సీతాఫలాలైనా, గుప్పెడు చక్కెరైనా వేసి పంపుతారు. ఈ మర్యాదకు హద్దులు కూడా ఉన్నవి. పూజలో పెట్టిన నైవేద్యం అందరు ముస్లింలూ తినరు. మాంసం వండిన ఇంటి అన్నం అందరు హిందువులూ తినరు. ఆ సంగతి ఎరిగిన తల్లులు పూజకు ముందే విడిగా తీసి ఉంచుతారు. తినని ఇంటికి పండ్లు, బియ్యం, పప్పు పంపుతారు. ఎదుటివాని నియమాన్ని తెలుసుకొని, నొప్పింపకుండా ఇవ్వడమే ఈ ఇచ్చిపుచ్చుకోలులోని సంస్కారం. హద్దు ఎరిగి ఇచ్చినందువల్లనే ఇన్ని తరాలు ఈ గిన్నె రెండు గడపల మధ్య నడిచినది.

ఇప్పుడు ఆ నడక మందగించుచున్నది. అపార్టుమెంటు తలుపులు మూసి ఉంటాయి. పండుగ మిఠాయి డబ్బాలో వస్తుంది. డబ్బా తిరిగి ఇవ్వవలసిన వస్తువు కాదు కనుక దానితో రెండవ రాకపోక ఉండదు. కార్తీక మాసంలో ఉసిరి చెట్టు నీడన వనభోజనం చేయడం చక్కని ఆచారం. అది కూడా పలు చోట్ల ఏ కులానికి ఆ కులం, ఏ సంఘానికి ఆ సంఘం వేరువేరుగా జరుపుకొనే సభగా మారినది. చెట్టు నీడ మారలేదు. దాని క్రింద కూర్చునే పంక్తి మాత్రం చిన్నదైనది.

మరొక మాట కూడా చెప్పక తప్పదు. మనం ఇంటి రుచులను పొగిడేటప్పుడు ఎవరి శ్రమను పొగడుతున్నామో ఆలోచించాలి. తొమ్మిది సద్దుల రుచి వెనుక, ఈద్ నాటి షీర్ ఖుర్మా వెనుక తెల్లవారకముందే లేచిన తల్లి ఉన్నది. అందరూ తిన్న పిమ్మట ఆమె తింటుంది. ఆమె విశ్రాంతిని హరించి మనం అనుభవించేది సులభ సుఖం ఎట్లా అవుతుంది? రొట్టె నలపడానికి, వేరుశనగ ఒలవడానికి, కొబ్బరి తురమడానికి ఆడ, మగ భేదం లేదు. కుమారులు కూడా పొయ్యి ముందు కూర్చుంటే, ఆమె కూడా అరుగు మీదికి వచ్చి వెన్నెల చూడగలుగుతుంది. ఆ విద్య నిలవడానికి కూడా ఇదే మార్గం. మలీదకు రొట్టె ఎంత వేడిగా ఉండాలో చేతికి తెలియాలి; అది చేసి నేర్వవలసినదే.

అందుచేత విద్యార్థులకు మా సూచన ఒకటి. ఈ దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, మీ ఇంటిలోని పెద్దావిడ ప్రక్కన కూర్చుని ఒక్క వంట నేర్చుకొనండి. ఆమె వాడిన మాటలను ఆమె నోట వచ్చినట్లే వ్రాసుకొనండి. ఉర్దూ విభాగంవారు ఉర్దూలోను, తెలుగు విభాగంవారు తెలుగులోను వ్రాసి తెస్తే, రాబోయే సంచికలో రెండింటినీ ప్రక్క ప్రక్కన అచ్చువేయవచ్చు. మలీద వలె ఎన్ని మాటలు ఇరుప్రక్కలా ఉన్నవో అప్పుడు బయటపడుతుంది. కళాశాల కమిటీవారికి కూడా ఒక విన్నపం. సెలవుల అనంతరం ఒక సాయంకాలం ఆవరణలోని చెట్ల క్రింద అందరమూ ఇంటి నుండి తెచ్చిన తిండితో కూర్చునే ఏర్పాటు చేయవలసినదిగా కోరుతున్నాము. పందిరి అక్కరలేదు, మైకు అక్కరలేదు. నాలుగు చాపలు, త్రాగడానికి నీళ్ళు, ఏ గిన్నెలో ఏమున్నదో తెలిపే చిన్న చీటీలు ఉంటే చాలును. వడ్డన, గిన్నెలు కడగడం అధ్యాపకులతో సహా మగవారు చూసుకొంటారు. ఆ పనికి మొదటి పేరుగా మా పేరు వ్రాసుకొనవచ్చును.