పిన్‌బాల్‌కు ఏ మీట మేలు: అనలాగ్ ట్రిగ్గరా, డిజిటల్ బటనా?

వీడియో పిన్‌బాల్ ఆడేవారందరికీ అనుభవమైన సన్నివేశమిది. బంతి ఎడమ ఫ్లిప్పర్ మీదుగా జారి వస్తుంది. సరైన క్షణంలోనే నొక్కామని ఆటగాడికి గట్టి నమ్మకం. తెరపై మాత్రం ఫ్లిప్పర్ రవ్వంత ఆలస్యంగా లేస్తుంది. అప్పటికే బంతి దాని కొసను దాటి, రెండు ఫ్లిప్పర్ల నడుమనున్న సందులో పడిపోతుంది. తప్పు తన చేతిదేనని ఆటగాడు సరిపెట్టుకుంటాడు. కానీ ఆ తప్పు చేతిది కాక, చేతిలోని కంట్రోలర్ ట్రిగ్గర్‌ది కావడానికీ అవకాశం ఉంది.

మన దేశంలో ఎందరికో పిన్‌బాల్ పరిచయమైంది విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చిన ‘3డీ పిన్‌బాల్ స్పేస్ కేడెట్’ ద్వారానే. అందులో ఎడమ ఫ్లిప్పర్‌కు జడ్ కీ, కుడి ఫ్లిప్పర్‌కు స్లాష్ కీ ఉండేవి. సాధారణ కీబోర్డులోని కీ తెలిపేది రెండే సంగతులు: నొక్కారు, లేదా వదిలారు. ఇదే డిజిటల్ పద్ధతి. నేటి కంట్రోలర్లలో చూపుడువేళ్ల కింద వెనుకవైపున ఉండే ట్రిగ్గర్లు అలా కాదు. ఎంత లోతుగా నొక్కారన్నదీ అవి కొలుస్తాయి. ఇంట్లో లైటు స్విచ్‌కూ ఫ్యాను రెగ్యులేటర్‌కూ ఉన్న తేడాయే ఈ రెంటికీ ఉంది.

ఈ రెగ్యులేటర్ తరహా ట్రిగ్గర్లు ప్రధానంగా రేసింగ్ ఆటలకు ఉపకరించేవి. కారు యాక్సిలరేటర్‌ను సగం తొక్కడం, పూర్తిగా తొక్కడం వేర్వేరు కదా. 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్, 2001 నాటి తొలి ఎక్స్‌బాక్స్, 2006 నాటి ప్లేస్టేషన్ 3 వీటినే ఎంచుకున్నాయి. నింటెండో మాత్రం 2017లో తెచ్చిన స్విచ్‌లో ట్రిగ్గర్లను సాదా డిజిటల్ బటన్లుగానే ఉంచింది. రేసింగ్ అభిమానులకు అది లోటే. పిన్‌బాల్ ఆడేవారికి మాత్రం అది తెలియకుండా దక్కిన వరం.

ఎందుకో తెలియాలంటే అసలు యంత్రంలోకి తొంగిచూడాలి. 1947లో షికాగోకు చెందిన గాట్లీబ్ సంస్థ విడుదల చేసిన ‘హంప్టీ డంప్టీ’ యంత్రానికి హ్యారీ మాబ్స్ విద్యుత్ ఫ్లిప్పర్లను అమర్చారు. అంతకుముందు, వదిలిన బంతిని దారి మళ్లించాలంటే బల్లను కుదపడమే మార్గం. ఫ్లిప్పర్ అడుగున తీగచుట్టతో చేసిన విద్యుదయస్కాంతం ఉంటుంది. పెట్టె పక్కనున్న బటన్ నొక్కితే లోపలి రెండు పలుచని లోహపు రేకులు ఒకదానికొకటి తగులుతాయి, కరెంటు ప్రవహిస్తుంది, ఫ్లిప్పర్ ఎగురుతుంది. పైకి చేరగానే బలమైన చుట్టకు కరెంటు ఆగి, బలహీనమైన రెండో చుట్ట ఫ్లిప్పర్‌ను పట్టి ఉంచుతుంది. బటన్‌ను మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా ఫ్లిప్పర్‌కు అందే కరెంటు ఒకటే.

ఇక్కడే ఒక అపోహ ఉంది. నిపుణుడైన ఆటగాడు బంతిని మృదువుగా ఒక ఫ్లిప్పర్ నుంచి మరొకదానికి అందించడం చూసి, అతడు బటన్‌ను సున్నితంగా నొక్కాడని అనుకుంటాం. వాస్తవానికి అతడు క్షణకాలం మాత్రమే నొక్కి వదిలాడు. ఫ్లిప్పర్ పూర్తిగా లేవకముందే కరెంటు ఆగిపోవడంతో బంతికి చిన్న తట్టు మాత్రమే తగిలింది. ఆ నేర్పంతా కాలానిది, లోతుది కాదు. అందుచేత లోతును కొలిచే ట్రిగ్గర్ ఈ ఆటకు కొత్తగా సమకూర్చేది చాలా తక్కువ.

పోగొట్టేది మాత్రం కొంత ఉంది. సెకనుకు 2 మీటర్ల వేగంతో దొర్లే బంతి సెకనులో వందోవంతు కాలంలో 2 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. మామూలు ఫ్లిప్పర్ పొడవు దాదాపు 7.5 సెంటీమీటర్లు. అంటే అంతటి స్వల్ప ఆలస్యంలోనే బంతి ఫ్లిప్పర్‌పై పావు వంతుకు మించిన దూరం జరిగిపోతుంది. ఎక్కుపెట్టిన లక్ష్యం ఒకటైతే బంతి వెళ్లేది మరొక చోటికి. పొడవైన ట్రిగ్గర్‌ను వేలు కొంతమేర లాగేదాకా ఆట దాన్ని నొక్కినట్టే లెక్కించదు. టీవీ, కంట్రోలర్, గేమ్ ఇంజిన్ తెచ్చే ఆలస్యాలకు ఇది అదనపు బరువు.

ఎంతమేర లాగితే నొక్కినట్టు? దాన్ని నిర్ణయించేది ఆట తయారీదారు. విండోస్‌లో ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ ట్రిగ్గర్ స్థానాన్ని 0 నుంచి 255 వరకు అంకెలుగా పంపుతుంది. 30 దాటితే నొక్కినట్టు పరిగణించవచ్చని మైక్రోసాఫ్ట్ డెవలపర్లకు ఒక ప్రామాణిక విలువను ఇచ్చింది. అది మొత్తం ప్రయాణంలో దాదాపు ఎనిమిదో వంతు. ఎవరైనా ఆ హద్దును 128 దగ్గర పెడితే వేలు సగం దూరం వెళ్లేదాకా ఫ్లిప్పర్ కదలదు.

అలాగైతే హద్దును వీలైనంత కిందికి దించితే సరిపోదా అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే. పిన్‌బాల్‌లో నొక్కడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యం. వేగంగా వచ్చే బంతిని ఒడుపుగా ఆపడానికి, లేచి ఉన్న ఫ్లిప్పర్‌ను బంతి తాకే క్షణంలోనే కిందికి వదలాలి. హద్దు 30 వద్ద ఉంటే, అడుగంటా నొక్కిన ట్రిగ్గర్ తిరిగి దాదాపు మొదటికి వచ్చేదాకా ఫ్లిప్పర్ దిగదు. హద్దు తగ్గిస్తే నొక్కడం త్వరపడుతుంది, వదలడం ఆలస్యమవుతుంది. పెంచితే ఇది తలకిందులు. ప్రయాణం చాలా తక్కువగా ఉండే డిజిటల్ బటన్‌లో ఈ పేచీ దాదాపు లేదు. ట్రిగ్గర్లకు కాస్త పైన ఉండే పొట్టి బంపర్ బటన్లు, అంటే ప్లేస్టేషన్‌లో ఎల్1, ఆర్1, ఈ ఆటకు ఎక్కువ అనువు కావడానికి కారణం ఇదే.

మరో విచిత్రం కూడా ఉంది. పాత డైరెక్ట్‌ఇన్‌పుట్ పద్ధతిలో రాసిన విండోస్ ఆటలకు ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్‌లోని రెండు ట్రిగ్గర్లూ కలిసి ఒకే అక్షంగా కనబడతాయి. ఒకటి విలువను ఒక వైపు లాగితే, రెండోది వ్యతిరేక దిశలో లాగుతుంది. రెండూ ఒకేసారి పూర్తిగా నొక్కితే ఏదీ నొక్కనట్టే లెక్క! బంతి నేరుగా మధ్యకు వస్తున్నప్పుడు కంగారులో రెండు వేళ్లూ బిగించే మనిషికి ఇంతకంటే కష్టకాలం ఉండదు.

ఇంతమాత్రాన అనలాగ్ ట్రిగ్గర్‌ను పూర్తిగా తీసిపారేయలేం. కొన్ని పిన్‌బాల్ బల్లలపై ఒకే వైపు కింద ఒకటి, పైన ఒకటి చొప్పున ఫ్లిప్పర్లు ఉంటాయి. అలాంటి కొన్ని యంత్రాల్లో బటన్ వెనుక రెండు దశల రేకులు అమర్చారు. సగం నొక్కితే కింది ఫ్లిప్పర్ మాత్రమే, పూర్తిగా నొక్కితే రెండూ లేస్తాయి. కింది ఫ్లిప్పర్‌తో ఒక బంతిని పట్టి ఉంచి, పై ఫ్లిప్పర్‌తో మరో బంతిని కొట్టడం దీనివల్ల సాధ్యమవుతుంది. ఒకే డిజిటల్ బటన్‌కు ఈ విద్య చేతకాదు. ట్రిగ్గర్‌కు మాత్రం రెండు హద్దులు పెడితే చాలు. బంతిని ఆటలోకి వదిలే ప్లంజర్ సంగతీ అంతే. దాన్ని ఎంత లాగామన్నదే అక్కడ కీలకం గనుక అనలాగ్ స్టిక్ దానికి చక్కగా అమరుతుంది.

హద్దుల పేచీకి కూడా అనలాగ్‌లోనే ఒక పరిష్కారం ఉంది. డచ్ సంస్థ ఊటింగ్ తన అనలాగ్ కీబోర్డుల్లో తెచ్చిన ‘రాపిడ్ ట్రిగ్గర్’ పద్ధతిలో స్థిరమైన హద్దుకు ప్రాధాన్యం లేదు. కీ కిందికి కదులుతుంటే నొక్కినట్టు, పైకి మళ్లగానే వదిలినట్టు లెక్క. ఇదే తర్కాన్ని ట్రిగ్గర్లకు వర్తింపజేస్తే, లోతును కొలిచే పరికరమే సాదా స్విచ్ కంటే చురుగ్గా పనిచేయగలదు. పిన్‌బాల్ తయారీదారులు దీనిపై దృష్టి పెట్టడం మంచిది.

వేళ్లలో పట్టు తక్కువైనవారికి ఇది స్కోరును మించిన విషయం. పొడవైన ట్రిగ్గర్‌ను స్ప్రింగుకు ఎదురు లాగి పట్టి ఉంచడం వారికి భారం. ప్రధానంగా రెండే మీటలతో సాగే వీడియో ఆటలు అరుదు. పిన్‌బాల్ వాటిలో ఒకటి. మైక్రోసాఫ్ట్ 2018లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌పై రెండు పెద్ద బటన్లు, బయటి స్విచ్‌లను తగిలించుకునేందుకు 19 సాకెట్లు ఉన్నాయి. ఫ్లిప్పర్లను ఆ రెండు బటన్లకు అప్పగిస్తే అరచేతితోనో మోచేతితోనో ఆడవచ్చు. ఫ్లిప్పర్లను ట్రిగ్గర్లకే కట్టిపడేసి, మార్చుకునే వీలివ్వని ఆట అలాంటివారిపై అనవసరంగా భారం మోపుతుంది.

కొత్త కంట్రోలర్ కొనే ముందు సెట్టింగులు చూడటం మేలు. ఆటలోనే ఫ్లిప్పర్లను బంపర్లకు మార్చుకునే వీలుంటే ముందు ఆ పని చేయాలి. లేకపోతే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ సిస్టమ్ సెట్టింగుల్లోనే బటన్లను తారుమారు చేయవచ్చు. కంప్యూటర్‌లో స్టీమ్ ద్వారా ఆడేవారు ట్రిగ్గర్ హద్దునూ సవరించుకోవచ్చు. సిస్టమ్ స్థాయిలో మార్చినవారు రేసింగ్ ఆట మొదలుపెట్టే ముందు వాటిని యథాస్థితికి తేవడం మరవకూడదు. లేదంటే కారుకు ఉండేవి రెండే వేగాలు: నిలబడిపోవడం, లేదా పూర్తిగా దూసుకుపోవడం.