డ్రోన్ వంగినా సెన్సర్ ఎందుకు వంగదు?

నాలుగు రెక్కల డ్రోన్ ముందుకు వెళ్లాలంటే ముందుకు వంగాల్సిందే. దానికి గట్టిగా బిగించిన సెన్సర్ కూడా వంగుతుంది. 50 మీటర్ల ఎత్తులో ఒక్క డిగ్రీ తేడా వస్తే చాలు, సెన్సర్ సూటిగా కిందికి చూసే చోటు నేలమీద దాదాపు 87 సెంటీమీటర్లు జరిగిపోతుంది. పంట వేడిని కొలుస్తుంటే, ఒక సాలుకు బదులు పక్క సాలు లెక్కలోకి వస్తుంది!

అందుకే డ్రోన్‌కూ సెన్సర్‌కూ మధ్యలో గింబల్ పెడతారు. అందులోని గైరోస్కోపు వంపును పసిగడుతుంది. చిన్న మోటార్లు వెంటనే సెన్సర్‌ను అంతే మేర ఎదురు దిశలో తిప్పుతాయి.

కొత్త సెన్సర్‌ను పరీక్షించేవాళ్లు గింబల్‌ను సొంతంగా చేసుకోవాలా? వద్దనే అంటాను. మోటార్లు వణకకుండా సర్దడమే పెద్ద పని. మనం పరీక్షించాల్సింది సెన్సర్‌ని కదా! బజార్లో దొరికేది కొనడమే మేలు.

కొనేటప్పుడు గింబల్ ఎంత బరువు మోస్తుందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. అసలు కీలకం సమతూకం. సెన్సర్ గరిమనాభి గింబల్ ఇరుసుల మీదే ఉండాలి. కరెంటు ఆపేసి, చేత్తో ఏ కోణంలో వదిలినా అది అక్కడే నిలవాలి. లేకపోతే మోటార్లు బరువుతో పెనుగులాడుతూ వేడెక్కుతాయి. కాబట్టి సెన్సర్‌ను ముందుకూ వెనక్కూ జరపగలిగే అమరిక ఉన్నదే ఎంచుకోవాలి. కెమెరాతో కలిపి అమ్మే గింబళ్లలో సాధారణంగా ఆ వీలుండదు.

గింబల్ తన కోణాన్ని బయటికి చెప్పగలగాలి కూడా. అది తెలియకపోతే కొలత ఏ చోటిదో తేలదు.

కొనేముందు మీ సెన్సర్‌ను తీగలతో సహా తూకం వేయండి.