బోరునీటి బిడ్డలు

హైదరాబాదు శివారున బహదూర్‌పల్లిలో మా యింటి బోరునీరు కాచిన గిన్నె అడుగున నెల తిరుగకముందే సున్నపుపొర కట్టును. కుళాయి మూతిమీద తెల్లని పెచ్చు, గీజరులో రాతిపొర, తలంటుకొన్న నాడు చిక్కుపడిన జుట్టు, ఇవన్నియు ఆ నీటి ప్రసాదములే. దక్కను పీఠభూమి గ్రానైటురాతి పగుళ్ళలో ఏండ్ల తరబడి నిలిచి, ఆ రాతి లవణములను తనలో కరగించుకొని పైకి వచ్చు నీరది. ఇంటిల్లిపాదియు విసుగుకొను ఆ కఠినజలమునే, వరండాలోని రెండడుగుల గాజుతొట్టిలో కాపురమున్న గప్పీచేపలు మాత్రము పుట్టినింటి నీరువలె ఆదరించి, నెలనెలా పిల్లలను పెట్టుచున్నవి. అక్వేరియపు చేపలచేత ఇంట పిల్లలు పెట్టింపవలెనని ఉబలాటపడువారు సాధారణముగా తిన్నగా అంగడికి పోయి రంగు చూచి చేపను కొందురు. నేను మాత్రము ముందు ఇంటి నీటిని అడుగుడని చెప్పుదును. అది దేనిని ఒప్పుకొనునో తెలిసిన పిదప అంగడికి పోవచ్చును.

గప్పీ యనునది ఒక మనుష్యుని యింటిపేరు. ట్రినిడాడ్ ద్వీపమున నివసించిన రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ 1866 ప్రాంతమున ఈ చేపలను లండను నగరపు మ్యూజియమునకు పంపగా, అచటివారు వానికి ఆయన పేరు పెట్టిరి. అంతకు ఏడేండ్లు ముందుగనే, 1859లో, పీటర్స్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వెనిజులా దేశపు చేపలను చూచి ఈ జాతిని వర్ణించియే యుండెను. అయినను లోకము గప్పీ పేరునే పట్టుకొన్నది. ఇది గ్రుడ్లు పెట్టు చేప కాదు. గ్రుడ్లు తల్లి కడుపులోనే పొదుగబడి, ఇంచుమించు నాలుగు వారములకు పిల్లలుగా బయటపడును. ప్రసవసమయము సమీపించినపుడు తల్లి కడుపు పెట్టెవలె పలకలు తేరును, తోక మొదటనున్న మచ్చ నల్లబడును, అది తక్కిన చేపలను విడిచి మూలకు చేరును. ఒక తెల్లవారుజామున నేను టార్చి పట్టుకొని చూచుచుండగా, మడత పెట్టిన నూలుపోగువంటిది యొకటి తల్లి వెనుకనుండి జారి, రెండంగుళములు క్రిందికి దిగి, ఒక్క విదిలింపుతో సాగి, కన్నులు రెండు నల్లని చుక్కలుగా, నాచులోనికి దూసుకొనిపోయెను. దాని వెనుక ఇంకొకటి. కన్నతల్లి వెనుదిరిగి చూచి మూడవదానిని మ్రింగివైచెను.

పిల్లలు పెట్టించుట ఎంత సులభమో, వానిని తల్లిదండ్రుల నోటినుండి కాపాడుట అంత శ్రమ. కావున నిండుచూలాలిని వేరు తొట్టిలోనికి మార్చవలెను, లేదా తొట్టి నిండ దట్టముగా నాచు వేయవలెను. చెరువునుండి తెచ్చిన నాచును నేను మెచ్చను. దానితోబాటు తూనీగ పిల్లపురుగు వచ్చినచో అది రోజునకు నాలుగైదు చేపపిల్లలను మాయము చేయును. దొంగ ఎవరో మనకు వారము వరకు తెలియదు. ఇంకొక చిక్కు కలదు. ఆడుగప్పీ ఒకసారి కలిసిన మగదాని బీజమును నెలల తరబడి కడుపులో దాచుకొని కాన్పు వెంట కాన్పు సాగింపగలదు. అందుచేత అంగడినుండి తెచ్చిన ఆడుచేపకు పుట్టిన మొదటి సంతానమునకు తండ్రి ఎవరో దుకాణదారునకును తెలియదు. వన్నెగల వంశమును నిలుపుకొనదలచినవారు పిల్లలను మూడు నాలుగు వారముల ప్రాయముననే, మగవాని క్రిందిరెక్క పుల్లవలె సన్నబడుట కనిపించిన వెంటనే, వేరుచేయవలెను.

నా మొదటి కాన్పు పిల్లలను నేనే చంపితిని. శుభ్రతపై మోజుతో ఒక ఆదివారము తొట్టి నీరంతయు పారబోసి, స్పాంజి ఫిల్టరును కుళాయి క్రింద తెల్లబడునంతవరకు పిండి, నిగనిగలాడు తొట్టిని చూచుకొని మురిసితిని. మంగళవారమునాటికి ఒక్కటియు మిగులలేదు. చేపల విసర్జనమునుండి, తినక మిగిలిన మేతనుండి అమోనియా పుట్టును, అది విషము. స్పాంజిలో కాపురముండు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, ఆ నైట్రైటును అపాయము తక్కువైన నైట్రేటుగను మార్చును. క్రొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. నేను మురికి యనుకొని పిండివేసినది వానినే. నాటినుండి వారమునకొకసారి నాలుగవవంతు నీరు మాత్రమే మార్చి, స్పాంజిని ఆ తీసిన నీటిలోనే ముంచి తేల్చుచున్నాను.

నగరపు కుళాయినీరు వాడువారికి వేరొక జాగ్రత్త వలయును. ఎల్లంపల్లి జలాశయమునుండి మా వైపు వచ్చు గోదావరి జలము బోరునీటికంటె మెత్తనిదే గాని, అందు క్లోరిను కలిపియుందురు. బకెట్టులో ఒక రోజు మూత లేక నిలువయుంచిన క్లోరిను చాలవరకు ఎగిరిపోవును. తొందర గలవారు అంగడిలో దొరకు హైపో పలుకులు వేయుదురు.

మెత్తని నీరనగానే నాకు ఫైటరుచేప జ్ఞప్తికి వచ్చును. సయాం దేశపు ఈ పోట్లచేప బోరునీట బ్రదుకకపోదు గాని, దాని సంతానవిధికి నేను వాననీటినే వాడుదును. తొలకరికి మిద్దె కడిగిపోనిచ్చి, తరువాతి వానలలో డ్రమ్ము నింపుకొని, అందు మా వీధిలోని బాదంచెట్టు రాల్చిన ఎండుటాకులను రెండు మూడింటిని వేయగా, రెండు దినములలో నీరు పలుచని టీ డికాక్షను రంగునకు వచ్చును. ఆ కసరు గ్రుడ్లకు బూజు పట్టనీయదని పెంపకందారులందరి నమ్మకము. అయిదంగుళముల లోతు నీటిలో మగదానిని విడిచి, ఆడుదానిని గాజుగ్లాసులో ఎదుట నిలిపినచో, మగవాడు ఆకు క్రింద నోటితో బుడగలూది నురుగుగూడు కట్టనారంభించును. గూడు పూర్తియైన పిదప ఆడుదానిని విడువవలెను. మగది ఆడుదానిని తన దేహముతో చుట్టి తలక్రిందులు చేయగా, గసగసాలవంటి తెల్లని గ్రుడ్లు నీటిలో మెల్లగా దిగును. వానిని తండ్రి నోటితో ఏరుకొని గూటిలో ఉమియును. ఇట్లు గంటలకొలది సాగును. అది ముగిసినంతనే ఆడుదానిని తీసివేయవలెను, లేకున్న మగది దానిని చింపివేయును. ఒకటి రెండు దినములకు గ్రుడ్లు పగిలి, పిల్లలు గూటినుండి తోకలు క్రిందికి వ్రేలాడవేసికొని నిలుచును; జారిపడినదానిని తండ్రి మరల పైకి చేర్చుచుండును. ఇంకను రెండు మూడు దినములకు అవి అడ్డముగా ఈదగానే తండ్రికి సెలవు. 1869లో పారిస్ నగరమున కార్బోన్యే అను ఆయన పారడైజు చేపచేత ఇంటి తొట్టిలో సంతానము కనిపించినపుడు చూచినదియు ఇట్టి నురుగుగూడే.

ఆ పిల్లల నోటికి పొడిమేత పట్టదు. వాడిన ఆకులు వేసి ఎండలోనుంచిన సీసానీటిలో పుట్టు కంటికానని జీవులే వాని తొలి ఆహారము. వారము దినములకు ఆర్టీమియా యను ఉప్పునీటి చిరుజీవి పిల్లలను పెట్టవచ్చును. ఉప్పునీటిలో గాలి ఊదుచు ఉంచిన ఆర్టీమియా గ్రుడ్లు ఒక దినమున పగిలి నారింజరంగు ధూళివలె తేలును. మూడవ నాల్గవ వారమున పిల్లలకు గాలి పీల్చు అవయవము ఏర్పడును గనుక, ఆ దినములలో తొట్టిమీద మూత తప్పనిసరి. పైగాలి చల్లనిదైనచో అవి నిలువవు. ఇట్లు గాలి పీల్చుట, తండ్రి కావలి కాయుట, మన కొరమీనునకును గలవు. తెలంగాణ రాష్ట్రమునకు అధికారచిహ్నమైన చేప అదియే. మృగశిరకార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమున చేపప్రసాదమునకై జనుల గొంతులోనికి దిగు పిల్లచేపయు అదియే.

ఓపిక తక్కువగలవారు జీబ్రా డానియోను పెంచవచ్చును. ఇది మన దేశపుదే. ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున దీనిని తొలుత వర్ణించెను. నేడు మన సి.సి.ఎం.బి. వంటి పరిశోధనాలయములలో దీని గాజువంటి పిండములను చూచి శాస్త్రజ్ఞులు ప్రాణి పెరుగు తీరు నేర్చుకొనుచున్నారు. తొట్టి అడుగున పిల్లలు ఆడుకొను గోళీలను పరచినచో, తెల్లవారు వెలుతురుకు చల్లిన గ్రుడ్లు గోళీల సందులలోనికి దిగి పెద్దచేపల నోటికి అందకుండును. అంతే ఉపాయము.

పుష్యమాసపు రాత్రులు మా ప్రాంతమున గజగజలాడించును. చిన్నతొట్టి త్వరగా చల్లబడును, చల్లబడిన చేపకు తెల్లచుక్కల వ్యాధి వచ్చును. ఇరువదియైదు డిగ్రీల దగ్గర నిలుపు హీటరు ఒకటి ఉండవలెను. అలంకారపు చేపల పెంపకమును జీవనోపాధిగా చేసికొనదలచువారికి 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్యసంపద యోజనలో పెరటి యూనిట్టునకు మూడు లక్షల వ్యయము నిర్ణయించి, అందు సామాన్యులకు నూటికి నలుబది, స్త్రీలకును షెడ్యూల్డు కులములు, తెగలవారికిని నూటికి అరువది వంతుల సహాయమేర్పరచిరి. ఆ వివరములకు పోదలచినవారు జాతీయ మత్స్యాభివృద్ధి సంస్థ భవనమును వెదకనక్కరలేదు. హైదరాబాదులో పెద్దచేప ఆకారమున నిలిచియున్న భవనమదే. చెన్నైలోని కొళత్తూరులో వీధులకు వీధులే ఈ వృత్తిమీద బ్రదుకుచున్నవి.

సంతానము పెరిగినకొలది స్థలసమస్య పుట్టును. పోతన భాగవతపు అష్టమస్కంధమున సత్యవ్రతుడు దోసిటిలోనికి వచ్చిన చిన్నచేపను కమండలువులో వేయగా అది రాత్రికి రాత్రే పెరిగి కమండలువున పట్టక, కొలనున పట్టక, తుదకు సముద్రమునకు చేరెను. సక్కర్ చేపను కొన్నవారందరు సత్యవ్రతులే. వ్రేలెడు చేప పాచి తినునని తెత్తురు, అది మూరెడైనపుడు చీకటివేళ చెరువులో వదలుదురు. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఆ కవచపు చేప నేడు కృష్ణా గోదావరులలో జాలరుల వలలను చింపుచున్నది. గప్పీలనైనను చెరువున గాని కాలువలో గాని వదలుట తగదు.

నేను నిరుడు ఎదురింటి వదినగారి కలువతొట్టిలో దోమపిల్లలను తినుటకు పండ్రెండు గప్పీలనిచ్చితిని. మొన్న వినాయకచవితి వెళ్ళిన మరునాడు ఆమె బకెట్టుతో వచ్చి, "అన్నయ్యగారూ, మీ పిల్లలను మీరే తీసుకోండి, కలువకు చోటులేదు" అని గుమ్మములో పెట్టిపోయిరి. లెక్కించితిని, అరువదిమూడు. తొట్టి ఖాళీ లేదు. ప్రస్తుతము అవి మా స్నానాలగది పెద్దగంగాళములో ఉన్నవి.